పలచని నూనె

కరగండలో నవంబరు ఇంకా పూర్తి కాలేదు,
చలి అప్పుడే సున్నాకి ఇరవై మెట్లు కిందికి దిగింది.
ఎర్విన్ కొట్టు తలుపు తోస్తే
నాతోపాటు ఓ గుప్పెడు మంచుపొగ కూడా లోపలికొచ్చి
నూనె డబ్బాల మధ్య నిలబడింది,
దానికీ ఏదో కావాలన్నట్టు.

ఎన్ని డబ్బాలో!
ఒకదాని మీద దౌడు తీసే గుర్రం,
ఒకదాని మీద మంటల్లోంచి దూసుకొచ్చే కారు.
నా కారు ఏ మంటల్లోకీ పోదు.
స్టెప్పీ మైదానాల్లో గొర్రెలకు టీకాలు మోస్తుంది.
కొని పద్నాలుగు నెలలు,
ఇంకా నలభై ఆరు వాయిదాలు.

"ఏది కావాలి, అక్మరాల్?"
పుస్తకంలో వేలు పెట్టి చూపించాను:
జీరో డబ్ల్యూ ఇరవై.

నా వెనకే వచ్చాడు మా ఆయన చిన్నాన్న సపర్గలీ,
ముప్పై ఏళ్ళు బొగ్గు లారీ తోలిన మనిషి.
చేతి గీతల్లో ఇప్పటికీ
ఆ పాత ఇంజన్ల మసి ఉంటుంది, సబ్బుకి లొంగదు.
"సున్నా అని వాళ్ళే రాసుకున్నారుగా,
ఇంకెవరు చెప్పాలి దాని సంగతి?
నూనంటే గుర్రపు మాంసం సోర్పాలా ఉండాలి కోడలా,
వేలు ముంచితే వేలిని పట్టుకోవాలి.
ఇది గిన్నె తొలిచిన నీళ్ళు."

ఎర్విన్ నెమ్మదిగా చెప్పబోయాడు,
కొత్త ఇంజన్లో సందులు వెంట్రుకంతే ఉంటాయని,
తెల్లారి తాళం తిప్పిన ఆ మొదటి రెండు క్షణాల్లోనే
ఇనుము ఇనుముని కొరుకుతుందని,
ఈలోపు చిక్కటిది ఇంకా అడుగునే
ఒళ్ళు విరుచుకుంటూ ఉంటుందని.
చిన్నాన్న గుర్రం బొమ్మ డబ్బా చంకన పెట్టుకున్నాడు.
గొడవెందుకని రెండింటికీ డబ్బు కట్టాను.

ఆ రాత్రి టీ పోస్తూ కూర్చున్నాను.
అలవాటు ప్రకారం అర పియాలా, మళ్ళీ అర పియాలా.
మా ఇళ్ళలో నిండా పోస్తే
ఇక లేచి వెళ్ళమని అర్థం.
పదకొండుసార్లు చెయ్యి చాచాడు.
ఇంజను మాట ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.

తెల్లవారుజామున మంచినీళ్ళకి లేస్తే
బాల్కనీలో దీపం.
ఉన్ని టోపీ, పొడుగు లాగు, కాళ్ళకి నా చెప్పులు,
చిన్నాన్న చేతుల్లో
నా పెళ్ళినాటి పియాలాలు రెండు.
రాత్రంతా బయటే పెట్టాడట,
ఒక్కోదాంట్లో ఒక్కో నూనె.
థర్మామీటరు ముప్పై ఒకటి కింద.

కుడి చేతిది వంచాడు.
అది కదులుదామా వద్దా అని
చాలాసేపు ఆలోచించింది.
ఎడమ చేతిది వంచాడు.
అడిగే లోపే అంచు దాటి
ఆయన బొటనవేలి మీదుగా జారి
మణికట్టు దాకా పోయింది.

అక్కడే నిలబడి
బొటనవేలూ చూపుడువేలూ రాసుకున్నాడు,
విడదీశాడు, మళ్ళీ రాసుకున్నాడు,
పసిపిల్ల జ్వరం చూస్తున్నట్టు.
ముప్పై ఏళ్ళ చలికాలాలు గుర్తొచ్చాయేమో,
లారీ కింద మంట పెట్టి
తెల్లారే దాకా కాపు కాసిన రాత్రులు.
ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.
"తలుపు మూసుకో, చలి" అన్నాడు అంతే.

మధ్యాహ్నం షెడ్డులో
పాత నూనె నల్లగా దిగిపోయాక
గరాటు తనే పట్టుకున్నాడు.
జీరో డబ్ల్యూ ఇరవై చప్పుడు లేకుండా
తేనె రంగు వెలుగులా దిగింది.
గుర్రం బొమ్మ డబ్బా పక్కింటి వాళ్ళ ట్రాక్టరుకి పోయింది.
పియాలాలకి వాసన మాత్రం పోలేదు,
ఎన్నిసార్లు తోమినా.

కొలపుల్ల తీసి చూశాను.
రెండు గీతల మధ్య కొంచెం వెలితి.
ఇంకాస్త పోద్దామని డబ్బా ఎత్తాను.

చిన్నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.
"చాల్లే కోడలా.
నిండా పోస్తే
లేచి వెళ్ళమనుకుంటుంది."